అచ్చులో లేని తమ్ముడు

శ్యామలాంబ పగ పట్టిందంటే పట్టిందే. పాము పగ అని లోకం గొప్పగా చెప్పుకుంటుంది గానీ, పాముకైనా ఎప్పుడో ఒకప్పుడు మతిమరుపు వస్తుందేమో, శ్యామలాంబకి రాదు. తన పెళ్లిలో నలుగురి ముందూ తనని చిన్నబుచ్చిన మేనత్త కాలం చేస్తే, విజయనగరం దాకా రైలెక్కి వెళ్లి, పెదకర్మ భోజనాల్లో కూర్చుని, పులుసులో ఉప్పు చాలలేదని అందరూ వినేలా అని వచ్చిన మనిషి. అలాంటి మనిషి నోటి దగ్గర కూడు లాగేసుకుంటే ఊరుకుంటుందా? రెండు గడపల అవతల ఉన్న రాజరాజేశ్వరి లాగేసుకుంది. కూడంటే అన్నం కాదు. కథ.

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన మరుసటేడు అది. ఆ దెబ్బతో తెలుగు వారపత్రికలకి పూనకం వచ్చి, ఎవరికి వాళ్లు రాకెట్టు సీరియల్ మొదలుపెట్టారు. వాటిల్లో బెంగాల్లో రైల్వేవాళ్లుండే ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో తెలుగు ఆడవాళ్లని పట్టుకుని వదలనిది ‘కుజుడి ముంగిట’. వాల్తేరు కుర్రాడు కెప్టెన్ మార్తాండ, కొత్త పెళ్లాం హేమలతని ఇంటి దగ్గర వదిలేసి, రాకెట్టెక్కి కుజగ్రహానికి ప్రయాణమవుతాడు. వారానికి నాలుగు పేజీలు, పైన ఒక బొమ్మ. ఆ నాలుగు పేజీల కోసం కాలనీలో అంట్లు తోమడాలు ముందుకి జరిగేవి, పేలు చూసుకోవడాలు వెనక్కి జరిగేవి.

పత్రిక మద్రాసు మెయిల్లో వచ్చేది. శ్యామలాంబ మొగుడు పరబ్రహ్మం రైల్వే ఆఫీసులో గుమస్తా. శుక్రవారం పొద్దున్న గోల్‌బజార్‌లో కూరలతో పాటు పత్రిక కొని తెచ్చి, సంచీతో సహా వంటింటి గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా ఆఫీసుకి పోయేవాడు. ఆయన మాట్లాడకపోవడం పత్రిక విషయంలోనే కాదు, అన్నిట్లోనూ అంతే. పిల్లల్లేరు. శ్యామలాంబ విజయనగరంలో ఎనిమిదో తరగతి దాకా చదివింది, పద్యం ఎత్తుకుంటే హెడ్మాస్టరు గదిలోంచి బయటికొచ్చి వినేవాడట. ఆ గొంతుని ఈ ఊరు తీసుకొచ్చి ఏం చేసుకోవాలి? పాలవాడితో పోట్లాడుకోవడానికి వాడుకునేది. వారమంతా ఆవిడ ఒక గుమస్తా పెళ్లాం. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మహారాణి.

వర్క్‌షాపు సైరన్ కూసి, మగాళ్లు తిన్న కంచాలు వదిలి మళ్లీ పనిలోకి పోగానే, ఆవిడ వరండాలో చాపలు పరిచేది. ఆడవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి కూర్చునేవారు. అందరికంటే ముందు జోగమ్మ. ఆవిడ మొగుడు నూకయ్య వర్క్‌షాపులో ఖలాసీ. అడ్డచుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, గోడకి ఆనుకుని, ఇక కథ అయ్యేదాకా కదిలేది కాదు. తరవాత అప్పలనర్సమ్మ. కూతురికి జాతకంలో కుజదోషం ఉందని వచ్చిన సంబంధమల్లా వెనక్కి పోతోంది. అంచేత కుజుడి సంగతి ఎక్కడ చెప్పినా ఆవిడ హాజరు. ఆ తరవాత సూసన్న. మొగుడు సమూయేలు ఇంజను ఫైర్‌మన్. కీర్తనలన్నీ ఆవిడకి నోటికొచ్చు, అచ్చులో మాత్రం ఏసు పేరు కూడా పోల్చుకోలేదు. వీళ్లు గాక మరో అరడజను మంది. ఒక్కరికీ చదువు లేదు. శ్యామలాంబ రాకెట్టు లేచేటప్పుడు బుస కొట్టేది, మార్తాండకి ఒక గొంతు, హేమలతకి ఒక గొంతు పెట్టేది. కళ్లజోడు ముక్కు మీదికి జారితే జోగమ్మే లేచి సర్దేది. ‘సదువులమ్మ’ అని పేరు పెట్టుకున్నారు ఆవిడకి. ఆ పేరు విన్నప్పుడల్లా శ్యామలాంబకి అన్నం తినకపోయినా కడుపు నిండేది.

ఇంతలో వచ్చిపడింది రాజరాజేశ్వరి. ఆవిడ మొగుడు రామమూర్తిది పార్సెల్ ఆఫీసు. మద్రాసు మెయిల్లో దిగిన పత్రికల కట్ట అంగడికి చేరేలోపు ఆయన బుధవారం సాయంత్రమే ఒక పుస్తకం తెచ్చేసుకునేవాడు. అంచేత శుక్రవారం కథ ఆ ఇంట్లో గురువారమే. రాజరాజేశ్వరి మధ్యాహ్నం పూట తన వరండాలో బాసింపట్టు వేసుకుని, పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని, చేతులు తిప్పుతూ, మధ్యమధ్య బెంగాలీ ముక్కలు కలుపుతూ చెప్పేది. మూరీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయలూ ఆవనూనే కలిపి గిన్నెతో అందరి మధ్యా పెట్టేది. మొదట్లో జోగమ్మావాళ్లు మూరీకి వెళ్లారు. తరవాత్తరవాత కథకి వెళ్లారు.

శ్యామలాంబకి ఈ సంగతి తెలియకపోలేదు. తెలిసినా, పోనీ లెద్దూ, అసలు రుచి మన దగ్గరే కదా అనుకుంది. మొదటి భాగం ఆఖరి వారం వచ్చేదాకా అలాగే అనుకుంది.

ఆ వారం కోసం ఆవిడ ఎంత తపన పడిందో దేవుడికి తెలుసు. గొంతు బాగుండాలని మిరియాల పాలు తాగింది. పొద్దున్నే తలుపేసుకుని ఒకసారి చదువుకుని, కళ్లొత్తుకుని, ఎక్కడ ఆపాలో ఎక్కడ అందుకోవాలో చూసుకుంది. కుజగ్రహం మీద రాకెట్టు పాడవుతుంది. అందరూ తిరిగి వెళ్లడానికి ఒక్క మనిషికి చోటు తక్కువ పడుతుంది. మార్తాండ మిగతావాళ్లని లోపలికి తోసి, తను బయట ఉండిపోయి, తలుపు మూస్తాడు. మధ్యాహ్నం వరండా నిండింది. శ్యామలాంబ ఆ తలుపు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, పేజీ మీద చెయ్యి పెట్టి ఆగింది. అందరి మొహాలూ చూసింది. ఒక్కరి కళ్లల్లోనూ తడి లేదు. అప్పలనర్సమ్మ ఆవలిస్తోంది.

జోగమ్మ నోట్లోంచి చుట్ట తీసి, మంచికే అన్నట్టు చెప్పింది. “ఆడక్కడే ఉండిపోయి సచ్చిపోతాడు కదమ్మా. రాజేశ్వరమ్మ నిన్ననే సెప్పీసింది. నిన్నంతా ఏడ్సీసినాం. మల్లీ ఇంటే ఏడుపు రావట్నేదు.”

శ్యామలాంబ మిగిలిన పేరా చదివింది. ఏం చదివిందో ఆవిడకే తెలీదు. అందరూ లేచి వెళ్లాక చాపలు దులిపింది, దులిపిన చాపల్నే మళ్లీ దులిపింది. దీనికి దాని చేత ముక్కు నేలకి రాయించకపోతే నా పేరు శ్యామలాంబ కాదు అనుకుంది. ఆ రాత్రి పరబ్రహ్మం చారులో కారం ఎక్కువైందనబోయి, మొహం చూసి మానుకున్నాడు.

రెండో భాగం నెల తరవాత మొదలైంది. ఆ నెలంతా కాలనీలో ఒకటే గోల. చచ్చినవాడితో రెండో భాగం ఎలా నడుస్తుంది? సరిగ్గా అప్పుడే రామమూర్తిని డ్యూటీ మీద చక్రధర్‌పూర్ పంపారు. ఆయన లేకపోయినా పార్సెల్ ఆఫీసువాళ్లు బుధవారం సాయంత్రమే పుస్తకం ఇంటికి చేరవేశారు. గురువారం రాజరాజేశ్వరి మూరీ కలిపింది, కథ చెప్పింది. మర్నాడు శ్యామలాంబ చాపలు పరిచింది. వచ్చారు, పాత మొహమాటం కొద్దీ వచ్చారు.

ఈ భాగం మొదలు ఎలా ఉందంటే, చదివినవాడి బుర్ర తిరిగేలా ఉంది. వాల్తేరులో హేమలత ఇల్లు. పీట మీద మార్తాండ కూర్చుని సుబ్బరంగా భోంచేస్తుంటాడు. హేమలత విసనకర్రతో విసురుతూ, ఇంకాస్త పప్పు వెయ్యనా అంటుంది. ఎలా బతికాడు, ఎప్పుడొచ్చాడు, ఒక్క ముక్క రాస్తే ఒట్టు. ఇంతలో తలుపు చప్పుడవుతుంది. హేమలత వెళ్లి తీస్తుంది. గుమ్మంలో, ఎర్రదుమ్ము కొట్టుకున్న రాకెట్టు బట్టల్లో, మార్తాండ! హేమలత అతన్ని ఎగాదిగా చూసి, “ఎవరు కావాలండీ?” అంటుంది. అక్కడితో అయిపోయింది, మిగతాది వచ్చేవారం.

శ్యామలాంబ పుస్తకం మూసింది. అప్పలనర్సమ్మ ఆవలించడం లేదు. ఈసారి తగిలింది, అనుకుంది.

“మరి కవల తమ్ముడేడీ?” అంది జోగమ్మ.

ఏ తమ్ముడు అంది శ్యామలాంబ. దానికి అప్పలనర్సమ్మ అందుకుని, అదేంటమ్మా, చిన్నప్పుడు సింహాచలం జాతరలో తప్పిపోయిన తమ్ముడు, అన్న పోయాడని తెలిసి, వదిన ఏడుపు చూడలేక, అన్నలా ఇంట్లో దూరాడు కదా, వాడే కదా పీట మీద తింటున్నవాడు, ఎడమచేతి వాటం అని హేమలతకి అనుమానం కూడా వచ్చింది కదా అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అలాంటిదేమీ ఇందులో లేదని శ్యామలాంబ అంటే ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. జోగమ్మ జాలిగా చూసింది. ఆ చూపు శ్యామలాంబ జన్మలో మరిచిపోదు.

“కల్లు మందగించినాయేటమ్మా? ఒక కాయితం దాటీసినట్టున్నావు.”

చూశారా ఎంత దారుణమో! ఉన్నదున్నట్టు చదివినందుకు, దాటేసిందన్న మాట పడాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతిలో ప్రైజు తెచ్చుకున్న మనిషి!

ఇక ఆ వారం కాలనీ మూడు ముక్కలైంది. కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. జోగమ్మది తమ్ముడి పార్టీ. లోపల తింటున్నవాడు తమ్ముడు, గుమ్మంలో ఉన్నవాడు అన్న, హేమలత పరువు కోసం తెలియనట్టు నటిస్తోంది, అంతే. అప్పలనర్సమ్మ తమ్ముణ్ణి ఒప్పుకుంటూనే, అసలు కారణం కుజదోషమంది. కుజుడు ఏడో ఇంట ఉంటేనే పెళ్లాం దక్కదంటారే, ఏకంగా వాడింటికే వెళ్లి వచ్చినవాణ్ణి పెళ్లాం పోల్చుకుంటుందా? శాంతి చేయించకుండా గుమ్మం తొక్కడమే వాడి తప్పు. సూసన్న ఆ గురువారం రాజరాజేశ్వరి ఇంటికి వెళ్లలేదు, శ్యామలాంబ చదివిందే వింది. అంచేత ఆవిడ వాదం వేరు. మార్తాండ సెలవు మించిపోయి రాలేదు, కంపెనీవాళ్లు బద్లీ మనిషిని వేశారు. లోకోషెడ్డులో మనిషి రాకపోతే ఆ పూటకి బద్లీని ఎక్కించరా? బద్లీ అలవాటైపోయాక అసలువాడు వస్తే, నువ్వెవరివి అంటారు, సమూయేలుకి జ్వరమొచ్చి లేచాక జరిగింది అదే అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ వాదన మొగుళ్ల ద్వారా వర్క్‌షాపు లోపలికి కూడా పోయింది. నూకయ్య, తమ్ముడి తరఫున మాట్లాడబోయి టిఫిన్ గిన్నె పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.

శ్యామలాంబ మాత్రం తలుపేసుకుని పత్రిక ముందేసుకుంది. ప్రతి ముక్కా మళ్లీ చదివింది. కాలెండర్ల ప్రకటన, తలనొప్పి మాత్రల ప్రకటన కూడా వదల్లేదు. తమ్ముడు లేడు. జాతర లేదు. ఎడమచెయ్యి లేదు. అప్పుడు బొమ్మ మీద ఆవిడ కళ్లు ఆగాయి. ఒకేలాంటి మొగాళ్లు ఇద్దరు, పీట మీద ఒకడు, గుమ్మంలో ఒకడు, మధ్యలో తలుపు పట్టుకుని హేమలత. పీట మీద ఉన్నవాణ్ణి బొమ్మలాయన ఏ ధ్యాసలో వేశాడో, ముద్ద ఎడమచేతిలో ఉంది.

శ్యామలాంబ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. రాజరాజేశ్వరి పుట్టింది ఈ ఊళ్లోనే, తండ్రి ఇక్కడే గార్డు చేశాడు. చిన్నప్పుడు బెంగాలీ బళ్లో చదివిందని తనే చెప్పుకునేది. కొట్టు సరుకుల చీటీ బెంగాలీలో రాస్తుంది. ఎవరి పెళ్లి శుభలేఖ ఇచ్చినా, అలా కళ్లతో చూసి, ఆయన వచ్చాక తీరిగ్గా చూస్తామండీ అని గడియారం వెనక పెడుతుంది. ఇప్పుడు ఆయన చక్రధర్‌పూర్‌లో ఉన్నాడు. చదివి చెప్పే నాథుడు లేడు. బొమ్మ చూసి తమ్ముణ్ణి పుట్టించింది మహాతల్లి.

దానికి తెలుగు చదవడం రాదు! శ్యామలాంబ వంటింట్లో ఒక్కతే పగలబడి నవ్వింది. నెల రోజుల తరవాత నవ్విందేమో, గిన్నె పడిందనుకుని పరబ్రహ్మం లేచి వచ్చాడు.

ఇంకొకరైతే ఆ నిమిషానే కుళాయి దగ్గరికి పరిగెత్తి చాటింపు వేసేవారు. శ్యామలాంబ వెయ్యలేదు. తను చెబితే అసూయ అంటారు. దాని నోటితోనే, దాని వరండాలోనే, తన కథ తిన్నవాళ్లందరి ముందూ రావాలి ఆ మాట. ఆ రోజునుంచీ కుళాయి దగ్గర నిలబడి మూడు పార్టీలనీ ఎగదోసింది. తమ్ముడున్నాడేమోలే, నా కళ్లే పాడయ్యాయేమో అని తనంతట తనే అంది. అందరం గురువారం రాజేశ్వరి ఇంట్లో కూర్చుందాం, ఆవిడే తేలుస్తుంది అంది. సున్నుండలు చేసి పళ్లెంలో పెట్టుకుని, ఎన్నడూ లేనిది ఆ ఇంటి గడప తొక్కింది. రాజరాజేశ్వరి నమ్మలేక, కొంగుతో కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, మీరు మా ఇంటికి రావడమేంటి అక్కయ్యగారూ, పిలిస్తే నేనే వద్దును కదా అని సంబరపడిపోయింది. పాపం, సున్నుండ ఒకటి అక్కడే తినేసింది. శ్యామలాంబకి జాలి వెయ్యలేదు. చేప ఎర మింగిందని ముచ్చటేసింది.

గురువారం వరండా కిక్కిరిసింది. సూసన్న కూడా వచ్చింది. రాజరాజేశ్వరి మూరీ గిన్నె నడిమధ్య పెట్టి, కొత్త వారం పుస్తకం ఒళ్లో తెరుచుకుని, గొంతు సవరించుకుంది. శ్యామలాంబ చెయ్యెత్తి ఆపింది. కొత్తది తరవాత, ముందు పాత తగువు తేలాలి, అందరూ ఒప్పుకున్నదే కదా అంది. జోగమ్మ, అవునవును తేలిపోవాల అంది. శ్యామలాంబ తన సంచీలోంచి పోయిన వారం పత్రిక తీసి, పేజీ తెరిచి, రాజరాజేశ్వరి చేతిలో పెట్టింది.

“నేను దాటేసిన చోటు నువ్వు చదివి వినిపించు రాజేశ్వరీ. తమ్ముడు వచ్చే చోటు. నేనూ వింటాను.”

రాజరాజేశ్వరి పుస్తకం కేసి చూసింది, నవ్వింది. కళ్లజోడు లోపలెక్కడో పెట్టాను, కనపడటం లేదు అంది. శ్యామలాంబ తన కళ్లజోడు తీసి ఇచ్చింది. ఆ ఘట్టం కోసమే పొద్దున్న శుభ్రంగా తుడిచి తెచ్చుకుంది. రాజరాజేశ్వరి పెట్టుకుంది. పెట్టుకుని, కళ్లు పేజీ మీద ఉంచి, సింహాచలం జాతర ఎత్తుకుంది. గొంతు ముందులా లేదు, తీగ మీద నడుస్తున్నట్టు ఉంది. ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది శ్యామలాంబ. రాజరాజేశ్వరి వేలు పేజీ మీద పెట్టింది. అది తలనొప్పి మాత్రల ప్రకటన.

శ్యామలాంబ తొందరపడలేదు. అందరూ ఆ వేలుని చూసేదాకా ఆగింది. “అది తలనొప్పి మందు. కథ పక్క పేజీలో ఉంది. పోనీ అక్కడ పెట్టు.”

రాజరాజేశ్వరి వేలు లేచింది, ఎక్కడా దిగలేదు. మొహం కందిపోయింది. కళ్లజోడు తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. మూరీ గిన్నె కేసి చూస్తూ చెప్పింది.

“నాకు తెలుగు చదవడం రాదు అక్కయ్యగారూ. మాట ఇంట్లో నేర్చుకున్నాను, అక్షరం ఎవరూ నేర్పలేదు. ఆయన రాత్రిపూట చదివి వినిపిస్తారు, నేను మర్నాడు చెబుతాను. ఈసారి ఆయన లేరు.”

“మరి పుస్తకం ఒళ్లో ఎందుకు?”

“ఒళ్లో పుస్తకం లేకపోతే నా మాట ఎవరు వింటారండీ?”

అయింది. శ్యామలాంబ ఒంట్లో నెల రోజుల మంట చల్లారింది. లేచి నిలబడింది. అందరి కేసీ తిరిగి, గొంతు ఎత్తి, హెడ్మాస్టరు బయటికొచ్చి విన్న ఆ గొంతుతో అంది.

“విన్నారా? ఇన్నాళ్లూ మిమ్మల్నందర్నీ వెర్రివాళ్లని చేసింది. అక్షరమ్ముక్క రానిది, పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి సిగ్గు ఉండక్కర్లా?”

తిడతారనుకుంది. కనీసం ముక్కున వేలేసుకుంటారనుకుంది.  అప్పలనర్సమ్మ తల దించుకుని చాప పోచ పీకుతోంది. సూసన్న మొహం తిప్పుకుంది. జోగమ్మ మాత్రం చుట్ట నోట్లోంచి తీసి, గోడకి ఒత్తి ఆర్పేసింది. కథ అవకుండా ఆవిడ చుట్ట ఆర్పడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

“మా ఒక్కల్కీ రాదమ్మా అచ్చరమ్ముక్క. ఇన్నేల్లు నీ వరండాలో కూకున్నాం. మాకూ సిగ్గుండక్కర్నేదేటి? మమ్మల్నీ ఏలెట్టి సూపించమంటావేటి?”

శ్యామలాంబ, నేనన్నది మిమ్మల్ని కాదు అనబోయింది. కానీ అన్నది వాళ్లనే. ఆ మాటకి రెండో అర్థం వెతికినా దొరకలేదు. ఎవరైనా లేచి తనతో వస్తారేమోనని గుమ్మం దాకా నెమ్మదిగా నడిచింది. సూసన్న తన చాప లాక్కుని రాజరాజేశ్వరి పక్కకి జరిగింది. అంతే, ఇంకెవరూ కదల్లేదు. వెనకాల జోగమ్మ గొంతు వినిపించింది. పుస్తకం అవతలెట్టీ రాజేశ్వరమ్మా, ఆ తమ్ముడేటయ్యాడో సెప్పు అంటోంది.

కళ్లజోడు అక్కడే మరిచిపోయింది. సాయంత్రం జోగమ్మ తెచ్చి ఇచ్చింది. తుడిచి తెచ్చింది, గుమ్మం మీద పెట్టింది, కూర్చోమంటే కూర్చోలేదు.

శుక్రవారం పరబ్రహ్మం కొత్త వారం పత్రిక తెచ్చాడు. శ్యామలాంబ చాపలు పరిచింది. సైరన్ కూసింది. మగాళ్లు సైకిళ్ల మీద వెళ్లిపోయారు. ఎవరూ రాలేదు. ఒక్కతే కూర్చుని చదువుకుంది. గుమ్మంలో నిలబడ్డవాడు మార్తాండ కాదట, కుజగ్రహం వాళ్లు ఇనుముతో చేసి పంపిన బొమ్మట. నాలుగు ముక్కల్లో తేల్చేశాడు రచయిత. పీట మీద ఉన్నవాడు ఎలా బతికాడో ఇంకా చెప్పలేదు. ఇంతేనా అనిపించింది శ్యామలాంబకి. ఇంత గందరగోళం చేసి ఇనపబొమ్మా? అయినా కాలనీ మొత్తంలో అసలు సంగతి తెలిసింది తనకొక్కదానికే. మూడు పార్టీలూ ఓడిపోయాయి, గెలిచింది తను. ఆ మాట చెప్పుకోవడానికి చాపల మీద ఒక్క మనిషి లేదు.

రెండు గడపల అవతల్నుంచి రాజరాజేశ్వరి గొంతు వినపడుతోంది. మళ్లీ పాత గొంతే, ఇంకా ఒక మెట్టు పైన ఉంది. ఒళ్లో పుస్తకం లేదు కాబోలు, చేతులు రెండూ గాల్లో తిరుగుతున్నాయని మాటల్లోనే తెలుస్తోంది. శ్యామలాంబ వినకూడదనుకుంది. వినకూడదనుకుంటూనే వరండా చివరికి జరిగింది. స్తంభానికి ఆనుకుంది.

హేమలత ఇద్దర్నీ లోపలికి పిలిచిందట. రెండు విస్తళ్లు పక్కపక్కనే వేసిందట. ఇద్దరూ నా మొగుడంటున్నారు గదా, తినండి, నా మొగుడెవరో ఈ పూట నేనే తేలుస్తాను, రెండోవాణ్ణి బతకనివ్వను అందట. రెండు విస్తళ్లలోనూ అన్నం వడ్డించింది, ఒకదానిలో మాత్రమే విషం కలిపింది. తమ్ముడు చూశాడు కలపడం. ఏ విస్తట్లో కలిపిందో అన్నకి తెలీదు, తమ్ముడికి తెలుసు. తమ్ముడు లేచి, వదినా, కుడిచేతి వైపు నేను కూర్చుంటానని...

అప్పుడే యార్డులో షంటింగ్ ఇంజను కూత పెట్టింది. పెట్టింది పెట్టినట్టు ఆపదే! శ్యామలాంబ స్తంభం వదిలి మెట్టు దిగి, మెడ సాచింది. పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుంటూ పోయాయి. ఆ చప్పుడు తగ్గేసరికి అవతల వరండాలో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అప్పలనర్సమ్మ ముక్కు చీదుతోంది. జోగమ్మ, ఓలమ్మ, ఓలమ్మ అంటోంది. మిగతాది వచ్చేవారం చెబుతానంది రాజరాజేశ్వరి.

ఆ రాత్రి శ్యామలాంబకి నిద్ర పట్టలేదు. ఏ విస్తరిలో ఉంది? తమ్ముడు తిన్నాడా, తోసేశాడా? పక్కన పరబ్రహ్మం గురక. పత్రిక తలగడ కింద ఉంది, అందులో లేదని ఆవిడకి తెలుసు. అచ్చులో లేని తమ్ముడి కోసం నేనెందుకు కొట్టుకోవాలి అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకుంటూనే, వాడు బతికుంటే బాగుండును అనుకుంది.

తెల్లారి కుళాయి దగ్గర జోగమ్మ ఒక్కతే ఉంది. శ్యామలాంబ వెళ్లి బిందె కింద పెట్టి నిలబడింది. ఏదో వంకాయలు ధర పెరిగాయంది. జోగమ్మ ఊఁ కొట్టింది. శ్యామలాంబ నీళ్ల ధార కేసి చూస్తూ అడిగేసింది.

“అదే... ఆ తమ్ముడు... నిన్న ఏ విస్తరి ముందు కూర్చున్నాడు?”

జోగమ్మ ఆవిడ మొహం కేసి తిన్నగా చూసింది. బిందె ఎత్తి చంకన పెట్టుకుంది.

“నాను సెప్పీననమ్మా. ముందే సెప్పీస్తే ఏడుపు రాదు. ఒచ్చి అక్కడ కూకుని ఇను.”

జోగమ్మ వెళ్లిపోయింది. శ్యామలాంబ బిందె నిండి, పొర్లి, నీళ్లు ఆవిడ కాళ్ల మీదుగా కాలువలోకి పోతున్నాయి.